బావగారు మూసిన లీకు

కారులో పెట్రోలు వాసన వస్తోందని నేను మొదటిసారి చెప్పినప్పుడు మా బావగారు నవ్వారు. ఆ నవ్వు నాకు పెళ్ళయినప్పటి నుంచీ తెలుసు. నోరు తెరవరు. ముక్కులోంచి కాస్త గాలి వదిలి, మెడ పక్కకి తిప్పుకుంటారు. ఎదుటి మనిషి అన్నది జవాబు చెప్పదగ్గ మాట కూడా కాదని దాని అర్థం.

"పాత కారు గదమ్మా, ఆ మాత్రం వాసన ఉంటాది. ఆడవాళ్ళ ముక్కులకి అన్నీ ఎక్కువే," అన్నారు.

బావగారంటే మా ఆయనకి అన్న. ఒక పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన ఉన్నది సామాన్లు కొనే విభాగంలో. అంటే జీవితమంతా బోల్టులు కొన్నారు, ఒక్కటీ బిగించలేదు. అయినా చుట్టాల్లో ఎవరింట్లో ఫ్యాను తిరక్కపోయినా, మోటారు నీళ్ళు లాగకపోయినా ఆయన్నే పిలుస్తారు. ఆయన వచ్చి, చూసి, ఏదో ఒకటి చెప్పి, కాఫీ తాగి వెళ్తారు. తర్వాత ఇంట్లోవాళ్ళు గుట్టుగా మెకానిక్కుని పిలుచుకుంటారు. ఆ రెండో పిలుపు సంగతి ఆయనకి ఎవరూ చెప్పరు. అందుకే తన చేతిలో బాగుపడని వస్తువు లేదని ఆయన నమ్మకం.

కారు మా మామగారిది. గుండ్రటి ముఖం, బరువైన తలుపులు, ఇప్పుడు రోడ్డు మీద ఎప్పుడో గానీ కనపడని రకం. మామగారు పోయాక అది మైలాపూరులో మా ఇంటి ముందే ఉండిపోయింది, ఎందుకంటే దాన్ని నడపగలిగిందాన్ని నేనొక్కదాన్నే. మా ఆయనకి స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చెమటలు పడతాయి. బావగారికి కొత్త కారుంది, అందులో గేర్లు వాటంతటవే పడతాయి. పాతదాన్ని నడపడం ఆయనకి అక్కర్లేదు. దాని మీద అభిప్రాయాలు మాత్రం కావాలి. ప్రతి ఆదివారం కోడంబాక్కం నుంచి వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, నాన్న బండి నాన్న బండి అని రెండుసార్లు తట్టి పోయేవారు. నేనేమో రోజూ దాంట్లోనే స్కూలుకి వెళ్ళి లెక్కలు చెప్పి వచ్చేదాన్ని.

వాసన వెనక సీటు వైపు నుంచి వస్తోందని నేను స్పష్టంగానే చెప్పాను. ఆయన ముందు బానెట్ తెరిచారు. లోపలికి టార్చి వేసి చాలాసేపు చూసి, కార్బురేటరు పొంగుతోందని తేల్చారు. మెకానిక్కుని పిలిపించి అది విప్పించి కడిగించారు. వాసన ఎక్కడికీ పోలేదు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆ నవ్వు.

కొన్నాళ్ళకి కారు వెనక భాగం కింద, నేల మీద తడి మచ్చ కనపడింది. బావగారు వంగి, వేలితో తాకి, వాసన చూసి, "లీకుండాది," అన్నారు, ఆ సంగతి ప్రపంచానికి తానే మొదట చెబుతున్నట్టు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అన్నాళ్ళూ నా ముక్కు చెప్పింది చెల్లలేదు. ఆయన కళ్ళు చూశాకే లీకు లీకయింది.

అప్పుడు వైద్యం మొదలైంది. బట్టల సబ్బు తెప్పించి టాంకు అడుగున చుక్క వేలాడుతున్న చోట రుద్దారు. పాతకాలం డ్రైవర్లు ఇట్టానే చేసేవాళ్ళని మా ఆయనకి వివరించారు. చుక్క ఆగింది. ఆయన చేతులు కడుక్కుని టిఫిను తిన్నారు. కొన్ని రోజులకి మళ్ళీ మచ్చ. ఈసారి రెండు ముద్దలు కలిపి పూస్తే రాయిలా గట్టిపడే మందు తెచ్చి, అదే చోట అరచెయ్యంత మందాన మెత్తారు. అదీ కొన్ని రోజులే. ఆయన మాత్రం ఆగిన రోజుల్ని తన లెక్కలో వేసుకుని, కారిన రోజుల్ని నా డ్రైవింగు లెక్కలో రాశారు. గతుకుల మీద స్పీడుగా పోతానట, అతుకు అందుకే ఊడుతోందట. ఆ మాట మా ఆయనతో చెప్పారు, నేను వంటింట్లో వింటున్నానని తెలిసే చెప్పారు.

నేను గమనించింది వేరు. బంకులో టాంకు నిండా పట్టించిన రోజు వాసన కొడుతుంది. అడయారు వైపు మలుపు తిరిగితే మరీ ఎక్కువ. వారం గడిచి పెట్రోలు సగానికి దిగితే వాసనా ఉండదు, మచ్చా ఉండదు. ఆయన సబ్బు రుద్దినా, మందు పూసినా, ఏమీ చెయ్యకపోయినా అంతే. చిల్లు అడుగునే ఉంటే, గ్లాసెడు పెట్రోలున్నా కారాలి కదా. నిండినప్పుడే కారుతోందంటే చిల్లు పైన ఎక్కడో ఉంది. ఇందులో తెలివి ఏమీ లేదు. వాడే మనిషి వారం రోజులు చూస్తే చాలు. కానీ ఆయన వాడే మనిషి కాదు, ఆదివారం వచ్చే మనిషి.

ఆ సంగతే ఆయనకి చెప్పాను. "అమ్మాయ్, ఏదైనా కిందికే కారతాది. పైకి కారదు. నువ్వు పిల్లకాయలకి లెక్కలు చెప్పు, ఇది నాకొదిలెయ్," అన్నారు.

పైనుంచి బయల్దేరిందే కిందికి కారుతుందని ఆయన బుర్రకి తట్టలేదు. తట్టించే ఓపిక నాకు లేకపోయింది.

టాంకు నిండా పట్టించి, ఇంటికొచ్చి, ఒక పాత అట్టపెట్టె చింపి కారు వెనక నేల మీద పరిచాను. మా ఆయన్ని టార్చి పట్టుకోమని దాని మీద పడుకుని కిందికి దూరాను. టాంకు చుట్టూ గుడ్డతో పొడిగా తుడిచి, పక్కలన్నిటికీ మొహానికి వేసుకునే పౌడరు చల్లాను. తర్వాత కారు తీసుకుని వీధులు ఒక చుట్టు తిరిగి వచ్చి, మళ్ళీ దూరి చూశాను. తెల్లటి పౌడరు మీద తడి చార ఒకటి నిటారుగా కనపడింది. డిక్కీ అడుగు రేకుకీ టాంకు పైభాగానికీ మధ్య సందులోంచి బయల్దేరి, పక్కనుంచి జారి, సరిగ్గా బావగారి ముద్ద దగ్గరికి వచ్చి అక్కడ బొట్టుగా వేలాడుతోంది. ఆయన ఇన్నాళ్ళూ మూసింది చుక్క పడే చోటుని.

మా ఆయన్ని కూడా పడుకుని చూడమన్నాను. చొక్కా మాసిపోతుందని తటపటాయించి, చివరికి చూశారు. "అవును, పైనుంచే వస్తా ఉండాది," అన్నారు. మీ అన్నకి చెప్పండి అన్నాను. సమయం చూసి నిదానంగా చెప్తానన్నారు. మా ఆయన దగ్గర సమయాలు చాలా ఉంటాయి, ఏదీ సరైనది కాదు.

తర్వాతి ఆదివారం నేను కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ఇంటి ముందు సామాన్ల ఆటో ఆగి ఉంది. అందులోంచి గ్యాస్ వెల్డింగు సిలిండర్లు దించి ఉన్నాయి. వెల్డరు కారు వెనక చతికిలబడి ట్యూబులు తగిలిస్తున్నాడు. బావగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. టాంకు అడుగునున్న బిరడా విప్పి తీసిన పెట్రోలు రెండు ప్లాస్టిక్ బకెట్లలో గోడ పక్కన ఉంది. వాటి మీద మూత కూడా లేదు. ఒక బకెట్టు నేను బట్టలు నానబెట్టేది. దాని పక్కన మా ఆయన గోడవైపు చూస్తూ నిలబడ్డారు.

ఏమిటిదని అడిగాను. మందులతో ఆగడం లేదు కాబట్టి వెల్డింగు పెట్టించేస్తున్నాననీ, శాశ్వతంగా పీడ పోతుందనీ బావగారు చెప్పారు. టాంకు విప్పి కడగకుండానా అన్నాను. "ఖాళీ చేసేసినాం గదమ్మా. లోపల చుక్క లేదు. ఇంక భయమేముండాది?"

మండేది పెట్రోలు ఆవిరి అని మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి తెలుసు. నిండు టాంకు కంటే ఖాళీ టాంకే ప్రమాదమని చెప్పాను. "నేను ఫ్యాక్టరీలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు నేర్పించొద్దు," అన్నారు బావగారు. మా ఆయన వైపు చూశాను. ఆయన గోడని ఇంకా శ్రద్ధగా చూడసాగారు.

నేను కూరల సంచీ గుమ్మంలో పెట్టి, కారు తలుపు తీసుకుని వెనక సీట్లో కూచున్నాను. టాంకు సరిగ్గా ఆ సీటు వెనకే. అద్దం దించి చెప్పాను.

"ఇప్పుడు వెలిగించమనండి బావా. మీరూ వచ్చి నా పక్కన కూచోండి."

"ఏమిటీ నాటకం?"

"నాటకమేముంది. భయం లేదన్నారు గదా. ఈడ ఇంకొకరికి చోటుంది."

ఆయన కదల్లేదు. వెల్డరు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, టాంకుని కడిగారా అని తమిళంలో అడిగాడు. లేదన్నాను. వాడు లేచి, సిలిండరు బిగించేసి, ట్యూబులు చుట్టుకున్నాడు. వాడి మీద కూడా నాకు గౌరవం కలగలేదు. ఆ ప్రశ్న వచ్చీరాగానే అడగాల్సింది. నేను కూచోకపోయి ఉంటే వెలిగించేవాడే, మా వీధి వీధంతా లేచిపోయేది.

బావగారు ఆ పూట భోజనం చెయ్యకుండా వెళ్ళారు. మా ఆయనకి అది దిగులు. అన్నం తినకుండా పోయినాడే అని సాయంత్రం దాకా అన్నారు. ఇంటి ముందు జరగబోయిన దాని గురించి ఒక్క మాట అనలేదు.

నాకు ఆ మర్నాడు సెలవు. తీసిన పెట్రోలులో కొంచెం గుడ్డలో వడగట్టి తిరిగి టాంకులో పోసి, పావు వంతు కూడా లేదు కాబట్టి కారదన్న ధైర్యంతో, అద్దాలన్నీ దించి కారుని చూలై పేటకి తీసుకెళ్ళాను. మా ఆయన కూడా వచ్చారు. అక్కడ ఒక సందులో రేడియేటర్లు, టాంకులు అతికే షాపుంది. దాని ఓనరు సెల్‌ఫోనులోంచి తల ఎత్తకుండా, ఏమి కంప్లయింటని మా ఆయన్ని అడిగాడు. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పాను. ఓనరు మళ్ళీ ఆయన్నే అడిగాడు. ఇలా కొంతసేపు నడిచింది. నేను చెప్పేది నా నోట్లోంచి వచ్చి, మా ఆయన మొహం మీద నుంచి తిరిగి, వాడికి చేరాల్సి వచ్చింది.

ఎక్కడైనా పాత సామాన్లలో వేరే టాంకు కొని వేసుకోవడమే మంచిదని వాడి సలహా. అది వాడి దగ్గరే ఉందట. టాంకు దించి పైభాగం చూపిస్తే తర్వాత మాట్లాడదామన్నాను. దించడం చాలా పని అన్నాడు. అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూచున్నాను. నేను లేవనని అర్థమయ్యాక మనుషుల్ని కేకేశాడు.

టాంకు దిగింది. పైన, డిక్కీ రేకు రాసుకోకుండా వేసిన దళసరి కంబళి పట్టీ ఉంది. దాని మీద బురద పెచ్చు కట్టి ఎండిపోయింది. వరదలొచ్చిన ఏడు కారు నీళ్ళలో నిలబడినప్పుడు చేరిన బురద అది. నీళ్ళు తీశాక సీట్లు ఎండబెట్టించి, ఇంజను చూపించి, అంతా అయిపోయిందని బావగారు అప్పట్లో సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆ కంబళి అప్పటినుంచీ ప్రతి వానకీ తడి పీల్చుకుంటూ రేకుని తింటోంది. పట్టీ లాగి, స్క్రూడ్రైవరు మొనతో గీకితే తుప్పు పొట్టులా లేచింది. కింద సన్నటి చిల్లులు, వరసగా.

"మేలే దాన్ సార్," పైననే అని ఓనరు మా ఆయనకి చెప్పాడు, తానే కనిపెట్టినట్టు. ఈ జాతి అంతటికీ ఒకే గొంతు.

టాంకులో వేడినీళ్ళూ సబ్బుపొడీ పోసి కుదిపి, వాసన పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగి, మూతి తెరిచి ఎండలో పెట్టారు. తుప్పు పట్టిన ముక్క కత్తెరతో కోసేశారు. మంట పెట్టే ముందు టాంకులో అంచుదాకా నీళ్ళు నింపారు, ఆవిరికి చోటు మిగలకుండా. కొత్త రేకు వేసి చుట్టూ ఇత్తడి కరిగించి అతికారు. నీళ్ళు వంపేశాక కన్నాలన్నీ మూసి, పంపుతో గాలి కొట్టి, అతుకు మీద సబ్బునురగ రాశారు. ఒక మూల బుడగ లేచింది. ఇంత సన్నది పెయింటుతో మూసుకుపోతుంది మేడమ్ అన్నాడు ఓనరు, మొదటిసారి నాతో నేరుగా. నేను స్టూలు మీంచి కదల్లేదు. గొణుక్కుంటూ మళ్ళీ అతికించాడు. రెండోసారి బుడగ రాలేదు. తుప్పు పట్టని పెయింటు వేయించి, కంబళి బదులు రబ్బరు పట్టీ పెట్టించాను. ఇంటికి వస్తూ దారిలో టాంకు నిండా పట్టించాను. వాసన లేదు, మచ్చ లేదు.

కొంతకాలానికి కోడంబాక్కంలో చుట్టాలింట్లో సీమంతమైతే కారులోనే వెళ్ళాం. భోజనాల దగ్గర బావగారు నా ఎదుటి వరసలో కూచున్నారు. నాన్న బండి ఎట్టా ఉండాదని ఎవరో అడిగారు. టాంకు లీకయిందనీ, ఊళ్ళో మెకానిక్కులందరూ అడుగున వెతుకుతుంటే, ఇది పైన ఉండాదిరా అని మొదటి రోజే తాను చెప్పాననీ, చూలైకి పంపి దగ్గరుండి చేయించాననీ ఆయన చెప్పడం మొదలుపెట్టారు. మా ఆయన ఆయన పక్కనే. అప్పళం విరుస్తూ తల ఊపారు. ఒకసారి కాదు, మాట మాటకీ ఊపారు.

నాకు కోపం రాలేదు. మధ్యలో అందుకుని ఏమైనా అనాలని కూడా అనిపించలేదు. పాయసం తిని, చెయ్యి కడుక్కుని, సీమంతం అమ్మాయికి గాజులు తొడిగి, బయటికొచ్చి కారు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

కాసేపటికి మా ఆయన ఫోను చేశారు. ఎక్కడున్నావన్నారు. ఇంట్లో అన్నాను. మరి నేనెట్టా వచ్చేది అన్నారు. మీ అన్న కారుంది కదా అన్నాను. బావగారికి వేరే పనుందట. ఆయన ఆటోలో వచ్చారు, ఎండకి మొహం ఎర్రబడి.

చెప్పులు విప్పుతూ, "అన్నతో చెప్పుండాల్సింది," అన్నారు.

"ఏమని?"

"నువ్వు కనిపెట్టినావని."

"ఇప్పుడు చెప్పండి. ఫోను చేతిలోనే ఉంది."

ఆయన చేతిలోని ఫోను వైపు చూసుకున్నారు. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, మజ్జిగ ఉందేమో చూస్తానని వంటింట్లోకి వెళ్ళారు.