మారు వడ్డన

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు ముగిసిన వారానికి, భోజనాల దగ్గర, తాను ఇంజినీరింగ్ చదవనని, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానని చెప్పింది. చెప్పే ముందు నాకు పెరుగు వడ్డించింది. ఆ క్రమం యాదృచ్ఛికం కాదని నాకు తరువాత అర్థమైంది.

నేను ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు మరమ్మతుల విభాగంలో పనిచేస్తాను. కర్మాగారం కట్టే రోజుల్లో మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఫిట్టరుగా చేరాడు. నేను డిప్లొమా చదివి అదే విభాగానికి వచ్చాను. మూడో తరం డిగ్రీ ఉన్న ఇంజినీరు కావడమన్నది మా ఇంట్లో ఎవరూ కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదు. ఒక మెట్టు తరువాత వచ్చే ఇంకో మెట్టు. మెట్ల మధ్యలో ఎవరైనా పక్కకు దిగుతానంటే ఏం చెయ్యాలో మాకు అనుభవం లేదు. అందుచేత నేను పెరుగన్నం పూర్తిచేసి చెయ్యి కడుక్కున్నాను.

నాకు చాలా ఏళ్లుగా డైరీ రాసే అలవాటుంది. ఆనాటి పేజీలో "హోటల్ ప్రస్తావన వచ్చింది. ఎండ ఎక్కువ. నీళ్ల ట్యాంకు కడిగించాలి" అని మాత్రమే ఉంది.

ఆ ఆదివారం రెండు చదువులకూ పక్కపక్కన మార్కులు వేసి చూశాను. చదివే కాలం, ఖర్చు, ఉద్యోగం దొరికే అవకాశం, పండుగనాడు సెలవు, రోజంతా నిలబడవలసి రావడం, నలుగురికీ చెప్పుకోగలగడం — ఇవీ అంశాలు. హోటల్ నెగ్గింది. కూడికలో పొరపాటు జరిగి ఉంటుందని మళ్లీ కూడి చూశాను. పొరపాటు లేదు. చివరి అంశానికి మార్కులు రెట్టింపు చేశాను. అప్పుడు ఇంజినీరింగ్ నెగ్గింది. లెక్క సరిపోయింది కనుక అక్కడితో ఆపాను.

నా భార్యది మల్కాపురం. ఆమె తమ్ముడు పోర్టులో పనిచేస్తాడు. నేను మార్కులు వేస్తున్న సంగతి ఆమె అతడికి ఫోన్‌లో చెప్పినట్టుంది, సాయంత్రానికి వచ్చాడు.

"ఏటి బావా, పిల్ల వంటోళ్ల సదువు సదువుతానంటందట?" అన్నాడు చెప్పులు విప్పుతూనే.

"వంట కాదు మావయ్యా, మేనేజ్‌మెంట్," అంది మా అమ్మాయి.

"అయితే మరీ మంచిది. వండక్కర్లేదు, వండినోళ్లని తిట్టొచ్చు."

"నువ్వు నవ్వించడానికి రాలేదు, బావకి సెప్పడానికొచ్చావు. సెప్పు," అని నా భార్య అతడి ముందు టీ పెట్టింది.

"సెప్పడానికేటుంది? బావా, మా ఈధిలో ఇంజినీరింగ్ సదివినోళ్లు ముగ్గురున్నారు. ఇద్దరు పరవాడ ఫార్మాలో షిఫ్టుకెళ్లి డ్రమ్ములు లెక్కెడతన్నారు. మూడోవోడు సీతమ్మధారలో కోచింగ్ సెంటరెట్టి పిల్లల్ని ఇంజినీరింగ్‌కి తయారు సేత్తన్నాడు."

"మూడోవాడు స్థిరపడ్డట్టే కదా," అన్నాను.

"అదే నాను సెప్తన్నది. ఇంజినీరింగ్ సదివితే ఇంకొకల్ని ఇంజినీరింగ్ సదివించొచ్చు."

మా అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను నా అభ్యంతరాన్ని స్పష్టంగా చెప్పాను. చదువుకున్న పిల్ల పరాయివాళ్లకు పళ్లేలు అందించడం, వాళ్లు తిని లేచాక వాటిని తియ్యడం నాకు సమ్మతం కాదన్నాను.

"ఏటండీ మీరు," అంది నా భార్య. "గ్యాసు బండ తెచ్చినోడికి కూడా టిఫినెట్టకుండా పంపరు. మీరెడితే మర్యాద, అదెడితే నామోషీనా?"

"ఇంట్లో పెట్టడం వేరు."

"ఏటి వేరు?"

ఆలోచించి చెబుతానన్నాను.

చివరికి ఒప్పందం మా బావమరిది కుదిర్చాడు. బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో విందుల విభాగం మేనేజరు అతడికి పరిచయం. అక్కడ మా అమ్మాయి నెల రోజులు శిక్షణకు వెళ్లాలి. నెలాఖరున ఆ మేనేజరు 'పనికొస్తుంది' అంటే హోటల్ మేనేజ్‌మెంట్ దరఖాస్తు మీద నేను సంతకం పెట్టాలి. ఆయన ఆ మాట అనకపోతే ఆమె మాట్లాడకుండా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు రావాలి. షరతులను కాగితం మీద రాసి, రెండుసార్లు పైకి చదివించి అమ్మాయిచేతా, బావమరిదిచేతా అవుననిపించాను. తిన్న కంచం ఎన్నడూ తియ్యని పిల్ల కనుక వారంలో తిరిగి వస్తుందని నా అంచనా.

వారంలో రాలేదు. మొదట్లో ఇంటికి వచ్చి కాళ్లకు నూనె రాసుకునేది. తరువాత మా ఇంటి గాజు గ్లాసులను వెలుతురుకు ఎత్తి చూసి, ఇవి మళ్లీ కడగాలంది. వాళ్లమ్మ ఆమె చేతనే కడిగించింది. కర్మాగారంలో ఎవరైనా అడిగితే, "కౌన్సెలింగ్ కోసం చూస్తున్నాం" అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు. చూస్తున్నది నేను.

నెల ముగిసే వారంలో మా సెక్షన్ పెద్దాయన పదవీ విరమణ. వీడ్కోలు భోజనం ఎక్కడన్నది కుర్రాళ్లు నిర్ణయించారు; హోటల్ పేరు విన్నాక నేను అభ్యంతరం చెప్పడానికి కారణం వెతికాను, దొరకలేదు. ముందురోజు మా అమ్మాయి నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"నాన్నా, రేపు మీ సెక్షన్ బల్లలు నాకే ఇచ్చారు. మేనేజరు గారు నా పని చూసేది రేపే."

"మంచిది."

"నువ్వు నన్ను ఎరగనట్టు కూర్చుంటే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు."

"నేనేం చేస్తాను?"

"అదే, ఏమీ చెయ్యొద్దంటున్నాను."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా సెక్షన్‌లో సగానికి పైగా గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లం. మా ఇళ్లల్లో తినేవాడు 'చాలు' అంటే వడ్డించేవాడు దాన్ని మర్యాద కింద జమకడతాడు. 'వద్దు' అంటే మొహమాటపడుతున్నాడని అర్థం. రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెడితే అప్పుడు వేళ్ల సందుల్లోంచి వేస్తాం. మారు అడగని భోజనానికి రెండోసారి పిలిచినా మేం వెళ్లం.

మర్నాడు మధ్యాహ్నం హాల్లో గుండ్రటి బల్లల చుట్టూ కూర్చున్నాం. మా అమ్మాయి నల్ల కోటు వేసుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుంది. నన్ను ఎరగనట్టే ఉంది. నేనూ అలాగే ఉన్నాను. మేనేజరు గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఆమె గుత్తివంకాయ కూర పట్టుకుని పెద్దాయన ఎడమ పక్కకు వచ్చి ఒక కాయ వేసింది.

"చాలమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆమె చాలించింది. చిన్నగా తల వంచి, తరువాతి మనిషి దగ్గరకు వెళ్లిపోయింది.

నేను చూశాను. కృష్ణా జిల్లా మనిషి, ఉద్యోగంలో ఆఖరి రోజు, కంచంలో ఒక్క వంకాయ. ఆయన దాన్ని రెండు ముక్కలు చేసి మొదటి సగాన్ని చాలా నిదానంగా తింటున్నాడు. ఏమీ చెయ్యొద్దన్న మాట నాకు గుర్తుంది. అది గుర్తుండగానే లేచాను. గోడ పక్క బల్ల మీదున్న కూర గిన్నె, గరిటె అందుకుని వెళ్లి ఆయన కంచంలో రెండు కాయలు వేశాను. "వద్దయ్యా, వద్దు," అంటూ ఆయన చేతులు అడ్డం పెట్టాడు. ఆ చేతుల్లో ఎంత సంతోషం ఉందో చూసి మూడోది వేశాను. ఒక్కరికి వేసి ఊరుకోవడం బాగుండదు కనుక బల్ల చుట్టూ వేశాను. పక్క బల్లవాళ్లు చూస్తున్నారు కనుక అటు వెళ్లాను.

అది చూసి భీమవరం ఆయన లేచి నెయ్యి అందుకున్నాడు. గుడివాడ ఆయన అప్పడాలు పట్టుకున్నాడు. "ఏవండోయ్, పప్పు ఎవరు చూస్తున్నారు?" అని ఎవరో కేకేస్తే "నేనున్నా!" అంటూ క్రేన్ ఆపరేటరు బయలుదేరాడు. చూస్తూ చూస్తూండగా మా సెక్షనంతా వడ్డించే పనిలో పడింది. కూర్చున్నవాడు పెద్దాయన ఒక్కడే. హోటల్ మనుషులు తెల్ల చేతిగుడ్డలతో గోడకు ఆనుకుని, తమ పెళ్లికి తామే ఆలస్యంగా వచ్చినవాళ్లలా నిలబడ్డారు. ఎవరో తివాచీ మీద నెయ్యి ఒలికించారు.

మేనేజరు గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వేశాడు. నన్ను చూడలేదు. మా అమ్మాయిని చూశాడు.

ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. మిల్లులో ఎవరి షిఫ్టులో బేరింగ్ పోతే వాడిని మేం చూసే చూపు అది. ఒప్పందం ప్రకారం ఆయన ఇప్పుడు ఏ మాటా అనకపోతే చాలు. నా పని నెరవేరినట్టే. నేను కోరుకున్నది అదే. గరిటెలో వంకాయతో అక్కడే నిలబడి, అదే కోరుకున్నానా అని చూసుకున్నాను.

ఆమె తొందరపడకుండా నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది. గొంతు తగ్గించింది.

"సార్, మీరు కూర్చోండి."

నేను ఏదో అనబోయాను.

"మీరు కూర్చుంటే మిగతావాళ్లు కూర్చుంటారు సార్. గిన్నె నాకివ్వండి."

పుట్టిన తరువాత ఆ పిల్ల నన్ను సార్ అనడం అదే మొదలు. ఎక్కడో ఒక మూల కోపం ఉంటుందని వెతికాను. గొంతులో లేదు, ముఖంలో లేదు. గిన్నె ఇచ్చాను.

"ఆయన కంచంలో పులుసు పడలేదు," అన్నాను.

"నేను చూసుకుంటాను సార్."

వెళ్లి కూర్చున్నాను. భీమవరం నెయ్యి దించి కూర్చుంది. అప్పడాలు కూర్చున్నాయి. పప్పు గిన్నె మాత్రం పూర్తిగా ఖాళీ అయ్యాకే వచ్చి కూర్చుంది. గోడ దగ్గరి మనుషులు కదిలారు. నెయ్యి ఒలికిన చోట ఒకడు గుడ్డ పరిచాడు. కాసేపటికి మా అమ్మాయి పెద్దాయన దగ్గర వంగి, "కొంచెం పులుసు తెమ్మంటారా సార్?" అని అడిగింది. ఆయన తెమ్మన్నాడు. తెచ్చింది. ఆయన కలుపుకుని తిన్నాడు.

నా పక్కన కూర్చున్న గుడివాడ ఆయన ఇదంతా చూసి నా వైపు వంగాడు. "ఎవరండీ ఆ పిల్ల? మిల్లు షట్‌డౌన్‌లో పై ఆఫీసరు వచ్చి అరిచినా కూర్చోరు మీరు. ఒక్క మాటకి కూర్చున్నారే!"

"మా అమ్మాయి," అన్నాను.

ఆయన అప్పడం నోటి దగ్గర ఆగింది. "మీ అమ్మాయి ఇంజినీరింగ్ కదూ?"

"కాదు. హోటల్ మేనేజ్‌మెంట్."

ఆ మాట నా నోటివెంట బయటకు వచ్చాక నాకూ వినిపించింది. వెనక్కు తీసుకోవడానికి వీలుందా అని చూశాను. గుడివాడ ఆయన దాన్ని అప్పటికే అవతలి మనిషికి చేరవేశాడు.

వచ్చేటప్పుడు మేనేజరు గుమ్మం దగ్గర నన్ను ఆపాడు. నేను ఎవరినో అప్పటికి ఆయనకు తెలిసింది.

"సార్, తప్పుగా అనుకోకండి. ఈసారి వచ్చినప్పుడు మీరు దయచేసి తినండి, అంతే."

"అలాగే. మరి మా అమ్మాయి?"

"పనికొస్తుంది. నేను వెళ్లి చెప్పినా మీ వాళ్లు కూర్చునేవాళ్లు కాదు."

ఆమె ఇల్లు చేరేటప్పటికి దరఖాస్తు మీద సంతకం పెట్టి, కింద తేదీ వేసి, టీవీ పక్కన పెట్టాను. ఆమె దాన్ని చూసింది, చెప్పులు వదిలింది, కాళ్లు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చుంది. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట. ఆ పూట నేనే వడ్డించాను. దొండకాయ వేపుడు, చారు.

"చాలు," అంది.

గరిటె వెనక్కు తీశాను.

ఆమె కంచం వైపు చూసి, నా వైపు చూసింది. "అదేంటి నాన్నా, అప్పుడే ఆపేశావ్?"

"చాలన్నావు కదా."

"అది అక్కడ. ఇంట్లో వేరు."

"ఏటి వేరు?" అంది నా భార్య వంటగదిలోంచి.

మా అమ్మాయి రెండు చేతులూ కంచం మీద అడ్డం పెట్టింది. వేళ్ల సందుల్లోంచి ఇంకో గరిటె వేశాను.