పెర్త్ వాళ్లు తోమని గిన్నెలు

1999 సెప్టెంబర్ 12, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది. క్లేటన్‌లో మా హాల్లో కూర్చుని, నేను వేసిన పకోడీలు తింటూ, ముగ్గురు మగవాళ్లు ఆస్ట్రేలియా పటాన్ని పెన్సిల్‌తో రెండుగా కోశారు.

అప్పటిదాకా మా క్రికెట్ లీగ్ అంటే రెండు జట్లు. రెండు కాలేజీల తెలుగు విద్యార్థులు ప్రతి ఆదివారం ఆడుకునేవారు. వాళ్ల మైదానాల మధ్య ఉన్నది ఒక కంచె. అంపైర్ మా ఆయన. రిటైరై అమ్మాయి దగ్గరికి వచ్చాక వారంలో ఆరు రోజులు ఆయనతో మాట్లాడేవాళ్లు ఇంట్లోవాళ్లు తప్ప లేరు. ఏడో రోజు ఇరవై రెండు మంది ఆయన వేలికేసి చూసేవారు. వంట నాది. ఓడిన జట్టు గిన్నెలు తోమాలి. అందరూ పాటించే రూలు అదొక్కటే.

పటం కోసినవాళ్లలో ఇద్దరు కెప్టెన్లు, మూడోవాడు వైటూకే కోర్సు నడిపే కోచింగ్ సెంటర్ యజమాని. డిసెంబర్ ముప్పయ్యొకటి రాత్రి కంప్యూటర్లన్నీ కూలిపోతాయని చెప్పి బతికేవాడు. కప్పు తనే ఇస్తానన్నాడు, లీగ్ దేశమంతా ఉండాలట.

"ఎక్స్‌పాన్షన్ ఆంటీ! సిడ్నీ నుంచి రెండు టీములు, పెర్త్ నుంచి రెండు. రెండు కాన్ఫరెన్సులు, అంటే గ్రూపులు. ఒకే ఊరి టీములు ఒకే దాంట్లో ఉంటే కిక్ ఉండదు, అందుకే విడగొట్టాం. ఫైనల్ సిడ్నీ పక్కన పారమట్టాలో" అన్నాడు కంచె ఇవతలి కెప్టెన్.

"పెర్త్ వాళ్లు ఓడితే గిన్నెలెవరు తోముతారు బాబూ?"

"అవి ఆపరేషనల్ ఇష్యూస్ ఆంటీ. తర్వాత చూద్దాం."

"కుర్రాళ్లు ముందుకెళ్తుంటే నీకు గిన్నెల గోలేమిటే?" అన్నారు మా ఆయన, కొత్త తెల్ల టోపీ సరిచూసుకుంటూ.

అక్టోబర్ మొదటి ఆదివారం కంచె ఇవతలివాళ్లకి పెర్త్‌తో ఆట, కంచె అవతలివాళ్లకి సిడ్నీతో. ఎవరూ రాలేదు. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసే విద్యార్థి ఒక ఆట కోసం విమానం ఎక్కలేడని, అలాంటి బంకుల్లోనే పనిచేసే మా కెప్టెన్లకి తట్టలేదు.

"మీలో మీరు ఆడుకోండర్రా" అన్నాను.

"పాయింట్లు రావు ఆంటీ, కాన్ఫరెన్స్ వేరు" అన్నాడు ఇవతలి కెప్టెన్.

"ఆడకుండానే వాకోవర్ గెలుపు వస్తుంటే రిస్కెందుకు ఆంటీ?" అన్నాడు కంచె అవతలి కెప్టెన్.

మా ఆయన ఖాళీ పిచ్ ముందు గంటసేపు నిలబడి, కంచెకి ఇటూ అటూ గెలుపు ప్రకటించారు. రెండు జట్లూ పులిహోర తిన్నాయి. ఎవరూ ఓడలేదు కనక ఎవరూ గిన్నెలు తోమలేదు. మేమిద్దరం తోముకున్నాం.

"తర్వాత చూద్దామన్నారుగా, చూడండి" అన్నాను. ఆయన గుండిగ బోర్లించారు.

మార్చికల్లా ప్రతి జట్టూ సొంత ఊళ్లో గెలిచింది, పరాయి ఊళ్లో ఓడింది, ఒక్క బంతి వేయకుండానే. ఆరు జట్లకీ సమానంగా పాయింట్లు. ఫోన్లో చీటీ తీసి విజేతని తేల్చారు. చీటీ తీసింది పెర్త్‌లో, వచ్చిందీ పెర్త్ పేరే. కప్పు మాత్రం రాలేదు. కంప్యూటర్లు కూలకపోవడంతో కోచింగ్ సెంటర్ జనవరిలోనే కూలింది.

"పోనీ, మళ్లీ ఇక్కడే, పాతలాగే ఆడదామా?" అని మా ఆయన ఇద్దరు కెప్టెన్లనీ అడిగారు. బతిమాలినట్టే అడిగారు.

"నేషనల్ లెవెల్ ఆడాక మళ్లీ గల్లీ లెవెలా అంకుల్?"

పోయినవి: జట్లు రెండు. స్టంపులు ఆరు. పులిహోర గరిటె ఒకటి. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు, మా ఆయనవి.