ఇంజన్ లేని బండికి కొబ్బరికాయ

ఆ రోజుల్లో (మరీ పాత రోజులు కావు, నాలుగైదేళ్ల కిందటివి) నాకు కోపం ముందు వచ్చేది, కారణం తర్వాత వెతుక్కునేవాణ్ని. చేతిలో ఐటీఐ సర్టిఫికెట్టు, హన్మకొండలో కరెంటు బళ్లు బాగుచేసే షెడ్డులో ఉద్యోగం. లోకంలో ఆ బళ్ల సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నేనని గట్టి నమ్మకం. (షెడ్డులో నాకు పని నేర్పే మా ఉస్తాద్‌కీ తెలుసని ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.) నాకు 'మిర్చి' అని పేరు పెట్టింది ఆయనే.

నా మాట నమ్మి మా చిన్నమ్మ కరెంటు ఆటో కొన్నది. ధర్మసాగర్ నుంచి వరంగల్ మార్కెట్టుకు కూరగాయలు తానే నడుపుకుంటూ తెచ్చేది. మూడు వారాలకే ఆటో నడిరోడ్డు మీద ఆగిపోయింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. వెంట వచ్చిన చిన్నాయన "ఐతారం దాక చూస్త. నడ్వకుంటె అమ్మి పారేస్త, ఇగ ఇంట్ల కూసో" అని ఆమె ముఖం మీదే అనేసి పోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద మండితే బాగుండేది, చిన్నమ్మ మీద మండింది.

మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసుకునే పెట్టె ఒకటి సీటు కింద ఉంటుంది, కంట్రోలర్ అంటారు. అది చచ్చింది. నీళ్లు పడితే తప్ప అలా చావదని నాకు (అంతా తెలిసినవాణ్ని కదా) తెలుసు. "పైపు పెట్టి కడిగినవ్, అవునా కాదా?" అని షెడ్డంతా వినపడేలా అరిచాను. "కడగలే బిడ్డా, తడిబట్టతోటి తుడుస్త, అంతే. ఒట్టు" అన్నది. "అబద్ధమాడకు చిన్నమ్మా!" అన్నాను, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని, పదిమందిలో. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. కొత్త పెట్టె రావడానికి నెల పడుతుందని కంపెనీవాళ్లు ఫోనులో చెబితే వాళ్ల మీదా అరిచాను. అప్పుడు ఉస్తాద్ "జర ఒర్లుడు ఆపి మూత ఇప్పు మిర్చి" అన్నాడు.

విప్పగానే పులిసిన వాసన. మూత అంచున కొబ్బరి పీచు, లోపల కుంకుమ రంగు మరకలు, సర్క్యూట్ పలక మీద పచ్చటి చిలుము. "ఈ పెట్టె మీద కొబ్బరికాయ కొట్టినవా?" అని మళ్లీ లేచాను. చిన్నమ్మ మొదటిసారి గొంతు పెంచింది. "కొట్టిన. పూజ చెయ్యకుంట కొత్త బండి ఎవలన్న రోడ్డు మీదికి తీస్తరా? బొట్టు పెడ్దామంటె ఇంజనే కనవడకపాయె. నీకే ఫోన్ చేస్తి. 'సీటు కింద పెట్టె ఉంటది, గదే ఇంజననుకో, జల్ది కానియ్ నాకు పనుంది' అన్నవ్. యాదికున్నదా?" గుర్తుంది. ఉస్తాద్ అటు తిరిగి దగ్గాడు (అది దగ్గు కాదు).

ఇక నా కోపమంతా నా మీదికే తిరిగింది. ఆ కోపంతోనే పలకను స్పిరిట్‌తో బ్రష్షు పెట్టి రుద్దాను. కాలిపోయిన చిన్న చిన్న భాగాలు పీకి కొత్తవి అతికించాను. వైర్లు దూరే సందులన్నీ మూసేశాను. చిన్నాయన పెట్టిన ఆదివారం గడువుకు ముందురోజు, శనివారం మధ్యాహ్నం చక్రాలు పైకి లేపి యాక్సిలేటర్ తిప్పితే అవి వెనక్కి తిరిగాయి. విసురుగా బిగించడంలో రెండు వైర్లు తారుమారు చేశాను. "నీ కోపం తగ్గితెనే బండి ముందుకు పోయేటట్టున్నది" అన్నది చిన్నమ్మ. వైర్లు మార్చాను, ముందుకు తిరిగాయి.

ఆమె సంచిలోంచి కొబ్బరికాయ తీసి, "ఇప్పుడు ఏడ కొట్టాల్నో సారు చెప్తె ఆడ కొడ్త" అని నిలబడింది. ఆ 'సారు' నాకు సూటిగా తగిలింది. మన్నించు చిన్నమ్మా అనాలి, నోరు రాలేదు. రోడ్డుకు అవతలి తోపుడుబండి దగ్గర మూడు నిమ్మకాయలు కొనుక్కొచ్చి, మూడు టైర్ల కింద పెట్టి, "నేల మీద కొట్టు, బండికి దూరంగ!" అని మళ్లీ అరిచాను. ఆమె నవ్వి, అలాగే కొట్టి, నిమ్మకాయలు తొక్కించుకుంటూ మార్కెట్టు వైపు ఆటో పోనిచ్చింది. ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అంత గొంతు పెట్టుకుని, అనాల్సిన ఒక్క మాట మాత్రం అనలేకపోయాడు.