రెండు చీమలు, ఒక కందిరీగ

దేదీప్యకు ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఎవరికైనా నొప్పి కలగబోతోందని తెలిస్తే చాలు, అది ఎంత నొప్పో ముందే కొలిచి మొహం మీద చెప్పేసేది. కొలవడానికి ఆమె దగ్గర నాలుగు తూకపురాళ్లు ఉండేవి: దోమ, చీమ, కందిరీగ, తేలు. ఫ్లూ ఇంజెక్షన్ రెండు చీమలు. పన్ను పీకించుకోవడం కందిరీగ. మోకాలిచిప్ప మార్పించుకోవడం తేలు, అదీ పెళ్లాం బిడ్డలతో కలిసి వచ్చిన తేలు.

దేదీప్య మా అమ్మాయి ఉష వాళ్లింట్లో, నోవైలో, బేస్‌మెంట్ గదిలో అద్దెకు దిగింది. ఖమ్మంలో నర్సింగ్ చదివి, మిషిగన్ వచ్చి పిల్లల నర్స్ ప్రాక్టీషనర్‌గా మాస్టర్స్ చేసింది. అంటే డాక్టరూ కాదు, మామూలు నర్సూ కాదు. పిల్లల్ని పరీక్ష చేసి మందు రాసివ్వగల నర్సు. పరీక్షలన్నీ పాసయింది, లైసెన్సు వచ్చింది. ఇక ఉద్యోగమే తరువాయి.

ఆమె సూట్‌కేసుతో లోపలికి వచ్చేసరికి నేను నా మనవరాలు మాయ మోకాలికున్న బ్యాండేజ్ పీకే పనిలో ఉన్నాను. నా పద్ధతి నాకుంది. అబద్ధాలు చెప్పడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి పేరు. గుంటూరు కాన్వెంట్లో సిస్టర్ బెర్నడెట్ నేను హోంవర్క్ ఎందుకు తేలేదో రాసి ఇమ్మనేది. రాసిస్తే నిజాయితీకి సున్నా వేసి, గ్రామర్‌కి పదికి తొమ్మిది వేసేది. ఆ అనుభవంతోనే మాయతో, "కిటికీలో చూడు, ఏనుగు" అన్నాను.

గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "తాతయ్య అబద్ధం చెప్తున్నరు. ఏనుగు లేదు. బ్యాండేజ్ పీకితే ఒక చీమ కుడ్తది."

మాయ మోకాలు చూసుకుంది. "రెడ్ చీమా, బ్లాక్ చీమా?"

"బ్లాక్."

"ఓకే," అని మాయ తనే పీకేసుకుంది. ఆ ఇంట్లో నా పరపతి ఆ రోజుతో సగమైంది.

ఆమె పరపతి పాట్‌లక్‌లో పోయింది. మన తెలుగువాళ్లందరూ తలా ఒక గిన్నె తెచ్చుకుని కలిసి భోంచేస్తున్నారు. ఒక తల్లి తన పిల్లాడికి పెరుగన్నం పెడుతూ, తినకపోతే ఈ ఆంటీ సూది వేస్తుందని దేదీప్యను చూపించింది. దేదీప్య వచ్చి వాడి ముందు గొంతుక్కూర్చుంది. "నేను వెయ్యనురా. తినకపోతే నీకు ఆకలైతది, గంతే," అంది. ఆ మాట గది దాటి వెళ్లి బల్లల కింద ఆడుకుంటున్న పిల్లలందరికీ చేరింది. ఆ పూట పెరుగన్నం గిన్నెలు నిండుగానే ఇళ్లకు తిరిగి వెళ్లాయి. తల్లులు ఆమెను చూసిన చూపు, ఆమె లెక్కలోనే చెప్పాలంటే, రెండు కందిరీగలు.

ఇలాంటి మనిషి ఇంటర్వ్యూలకు వెళితే ఏమవుతుందో మీరు ఊహించగలరు.

చదువు పూర్తయిన విదేశీ విద్యార్థికి ఇక్కడ ఒక ఏడాది పనిచేసుకునే అనుమతి ఇస్తారు. అందులో మొత్తం మూడు నెలలు ఖాళీగా గడిస్తే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఉద్యోగమిచ్చినవాళ్లు అంతటితో ఊరుకుంటే సరిపోదు, ఆమె కోసం హెచ్ వన్ వీసా స్పాన్సర్ చేయాలి. ఆ వీసాలు చాలక లాటరీ తీస్తున్న రోజులవి, 2014 చలికాలం. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఈ తతంగం కొట్టినపిండి. పిల్లల క్లినిక్కులవాళ్లకు మాత్రం వీసా అంటే జేబులో ఉండే క్రెడిట్ కార్డే.

వాళ్లు స్పాన్సర్‌షిప్ మాట అడిగేదాకా దేదీప్య ఆగేది కాదు. నమస్కారం అవగానే నొప్పి లెక్క మొదలుపెట్టేది. నన్ను తీసుకుంటే మీకు నొప్పి తప్పదు, లాయరు ఒక కందిరీగ, కాగితాలు ఇంకో కందిరీగ, లాటరీ తేలు, అనేది. ఒక మేనేజరు స్కైప్‌లో వింటూ వింటూ కరెంటు పోయిందన్నాడు. ఆయన వెనక లైటు వెలుగుతూనే ఉంది. ఇంకొకావిడ ఆలోచించి చెబుతానంది. ఇప్పటికీ ఆలోచిస్తూ ఉండాలి.

ఒక్కొక్కరు కాదన్నప్పుడల్లా దేదీప్య పైకొచ్చి, "ఈ క్లినిక్ కూడా పోయింది తాతయ్యా. అరచీమ," అనేది. పప్పు రెండోసారి వడ్డించుకుని తినేది. తర్వాత కిందికెళ్లి బట్టల డ్రైయర్ వేసేది. అది పాతది. తిరుగుతుంటే బేస్‌మెంట్లో కొబ్బరికాయలు దొర్లించినట్టు మోత. ఇంత శుభ్రమైన పిల్లను ఎక్కడా చూడలేదని ఉష మురిసిపోయేది. ఉన్న నాలుగు జతలూ అలా ఆరబెడితే దారాలు కూడా మిగలవని మా అల్లుడు రాధాకృష్ణ అనేవాడు.

గడువు దగ్గర పడుతుంటే నేనే రంగంలోకి దిగాను. స్వెటర్ మీద టై కట్టుకుని భోజనాల బల్ల దగ్గర ఇంటర్వ్యూ పెట్టాను.

"మీ బలహీనత ఏమిటి?" అన్నాను.

"స్నో పడితే నా కారు రెండు కార్ల జాగల పార్క్ చేస్త."

"అలా అనకూడదమ్మాయ్. అతిగా కష్టపడడమే నా బలహీనత అనాలి."

"ఆదివారం పదింటిదాక పంటా తాతయ్యా."

"సరే. స్పాన్సర్‌షిప్ కావాలా?"

"కావాలె. తేలు."

"తేలనకు. దోమ అను. చేరాక మెల్లిగా తేలుదాకా తీసుకెళ్దువు గాని."

దేదీప్య నావైపు జాలిగా చూసింది. "దోమ అని చెప్పి తేలుతో కుట్టిస్తే, ఆ పిల్ల మళ్ల చెయ్యి చాపుతదా?"

ఇది పిల్లల సంగతి కాదని నేను చెప్పబోయాను. ఆమెకు లోకంలో పెద్దవాళ్లే కనిపించరని అప్పుడే అర్థమైంది. టై విప్పేశాను.

ఇంకో వారంలో గడువు అయిపోతుందనగా యాన్ ఆర్బర్ దారిలోని ఒక చిన్న ఊరి నుంచి పిలుపొచ్చింది. యూనివర్సిటీకి చెందిన పిల్లల క్లినిక్. ఇది కూడా పోతే ఇక విమానం టికెట్టే. స్నోలో ఒంటరిగా పంపడం ఇష్టం లేక ఉష నన్ను తోడు ఎక్కించింది. నా పని దారి చూపించడం. దేదీప్య పని నన్ను భయపెట్టడం. ప్రతి మలుపుకూ ముందు, "తాతయ్యా, ఇక్కడ కారు జారుతది, రెండు చీమలు," అనేది. జారేది. ఒక్క చీమంత.

వెయిటింగ్ రూమ్‌లో కుర్చీలన్నీ పిల్లలవి. ఒకదాంట్లో కూర్చున్నాను. లేవడం నా వల్ల కాదని తేలింది. దేదీప్యను లోపలికి పిలవకముందే లోపలి తలుపు తెరుచుకుని, ఒకే బూటు వేసుకున్న నాలుగేళ్ల పిల్ల పరిగెత్తుకొచ్చి నా ఓవర్‌కోటులో దూరింది. వెనకే తల్లి, ఆమె వెనక డాక్టర్ హోల్ట్. ఆరడుగుల పైమాటే, టై మీద జిరాఫీలు. దేదీప్యను ఇంటర్వ్యూ చేయాల్సింది ఆయనే.

"రా హేలీ, సూది అసలు తెలియనే తెలియదు," అన్నాడు డాక్టరు, వాళ్ల ఇంగ్లీషులో.

"లాస్ట్ టైమ్ కూడా అదే చెప్పావు," అంది నా కోటు.

ఇలాంటి సమయాల్లో నేను ఊరుకోలేను. "ఇక్కడ సూదులు అయిపోయాయి పాపా. ఆఖరిది నిన్ననే వాడేశారు," అన్నాను. కోటులోంచి ఒక కన్ను ఆశగా బయటికొచ్చింది.

దేదీప్య వెళ్లి ఆ కంటి ఎదురుగా నేలమీద కూర్చుంది. "ఈ తాతయ్య అబద్ధం చెప్తున్నారు. సూదులున్నాయి. నీ వయసుకు మూడు. రెండు చీమలు, ఒక కందిరీగ."

రిసెప్షన్‌లో ఉన్నావిడ చేతిలో పెన్ను కింద పడింది. అక్వేరియంలో చేపలు కూడా ఈదడం మానేశాయని నా నమ్మకం.

"కందిరీగ ఎంతసేపు?" అంది హేలీ.

"నీ పేరు నువ్వు రెండుసార్లు చెప్పుకునేంతసేపు."

"అరవచ్చా?"

"అరవచ్చు. కదలకూడదు."

హేలీ నా కోటులోంచి బయటికొచ్చి డాక్టరుగారి చెయ్యి పట్టుకుంది. "ముందు కందిరీగ," అని ఆయన్ను తనే లోపలికి తీసుకెళ్లింది. "హేలీ, హేలీ" అని ఒక్క కేక. అంతే. మూడు బ్యాండేజీలతో తిరిగొచ్చి దేదీప్య ముందు నిలబడింది.

"అది కందిరీగ కాదు. చీమే. నీకు పురుగుల గురించి ఏమీ తెలియదు."

"అవునా? నేనే పొరబడ్డాను," అంది దేదీప్య.

తర్వాత తలుపు మూసి చేసిన ఇంటర్వ్యూ నేను చూడలేదు కాబట్టి వివరంగా చెప్పగలను. డాక్టర్ హోల్ట్ ఆమె కాగితాలు పక్కన పెట్టేసి, ముప్పయ్యేళ్లుగా పిల్లలకు అసలు తెలియదనే చెబుతున్నానని, ముప్పయ్యేళ్లుగా ఒక్కరూ నమ్మలేదని అన్నాడు. దేదీప్య, ముందు మీ నొప్పి సంగతి మాట్లాడాలని, లాయరు, కాగితాలు, ప్రభుత్వం అడిగే ప్రశ్నలు, అన్నీ కలిపి తేలని చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నేను అరవచ్చా?" అన్నాడు.

"అరవచ్చు. కదలకూడదు."

ఈ చివరి రెండు మాటలూ నా కల్పన అని దేదీప్య అంటుంది. ఆయన మాత్రం కాదనలేదు.

తిరుగు ప్రయాణంలో నాకొక అనుమానం వచ్చింది. "అమ్మాయ్, యూనివర్సిటీ క్లినిక్కులకు లాటరీ ఉండదని నిన్ననే ఉషతో అన్నావు. మరి తేలెక్కడిది?"

"కాగితాలుంటయి కద."

"కాగితాలు చీమ."

ఆమె పడని స్నోకి వైపర్లు వేసింది.

"హేలీకి వేసిన కందిరీగ సూది అసలు ఎంత?"

"చీమన్నర," అంది మెల్లగా.

"అంటే ఇన్నాళ్లూ..."

"ఎప్పుడైనా జర కలిపే చెప్త తాతయ్యా. అనుకున్నదానికన్న తక్కువ కుడ్తే పిల్లలు గెలిచినట్టు పోతరు. మిమ్ముల బతిమాలుకుంట, బయట చెప్పకండి. నా పరువు పోతది."

డెబ్బై ఏళ్లు అబద్ధాలాడి బతికినవాణ్ని. నా పక్క సీట్లో ఇంత పెద్ద విద్వాంసురాలు కూర్చుంటే ఇన్ని నెలలు కనిపెట్టలేకపోయాను. తల వంచి నమస్కారం పెట్టాను. అప్పుడే కారు జారింది. ఈసారి నిజంగానే రెండు చీమలు.

రెండు రోజుల తర్వాత, శనివారం మధ్యాహ్నం, అందరం భోంచేస్తుండగా ఫోన్ వచ్చింది. దేదీప్య స్పీకర్‌లో పెట్టింది. "మా లాయర్లతో మాట్లాడాను," అన్నాడు డాక్టర్ హోల్ట్. "నువ్వు తేలన్నావు. అరచీమ కూడా కాదు. నీకు పురుగుల గురించి ఏమీ తెలియదని హేలీ సరిగ్గానే చెప్పింది. సోమవారం పనిలోకి వచ్చెయ్యి."

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. ఉష పాయసం మొదలుపెట్టింది. రాధాకృష్ణ గరిట పుచ్చుకుని డాన్సు చేశాడు, ఆ దృశ్యం మాత్రం నిఖార్సయిన కందిరీగ. మాయ తన డాక్టర్ సెట్టులోని ప్లాస్టిక్ స్టెతస్కోపు తెచ్చి దేదీప్య మెడలో వేసింది. పాట్‌లక్ తల్లులు ఒక్కొక్కరే ఫోన్ చేసి, తమ పిల్లల్ని ఆ క్లినిక్కుకే తెస్తామన్నారు.

ఇంతలో దేదీప్య కనిపించలేదు. కింద డ్రైయర్ మోత మొదలైంది.

ఇంత సంతోషంలోనూ బట్టలేనా అనుకుని, తడిసిన నా చేతిగ్లౌజులు కూడా అందులో పడేద్దామని దిగాను. తలుపు తీశాను. లోపల ఏమీ లేదు. ఒక్క జేబురుమాలు కూడా లేదు. వట్టి డొల్ల, వేడిగాలి.

అరచీమ అన్న రోజులన్నీ, ప్రతి రోజూ ఆ మోతతో సహా, నాకు గుర్తొచ్చాయి. పిల్లల నొప్పికి కలిపినదంతా ఈ అమ్మాయి ఎవరి వాటాలోంచి తీసి కలిపిందో అప్పుడు తెలిసింది.

దేదీప్య మొహం కడుక్కుని బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చింది. ఏడ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెడలో ప్లాస్టిక్ స్టెతస్కోపు అలాగే ఉంది. తెరిచిన డ్రైయర్‌నూ నన్నూ చూసి గతుక్కుమంది.

"ఇవాళ ఎందుకమ్మా డ్రైయర్?" అన్నాను.

"ఇవాళ సంతోషానికి, తాతయ్యా."

"ఎంత?"

దేదీప్య కొలవడానికి ప్రయత్నించింది. దోమ, చీమ, కందిరీగ, తేలు, నాలుగింటినీ మనసులో తిరగేసి ఉంటుంది. ఏదీ ఆనలేదు.

"ఏనుగు," అంది.

బేస్‌మెంట్ కిటికీలోంచి బయటికి చూశాను. నోవైలో, మోకాలి లోతు స్నోలో, నిలబడి ఉంది. నమ్మితే నమ్మండి.