మోడం పట్టిన నాడు చేపలకు విందు

చేపల్ని నీళ్ళలోనే ఊపిరాడకుండా చేసి చంపిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఇదిగో, నేనే. వల లేదు, గాలం లేదు, కత్తి అసలే లేదు. ఒట్టి ప్రేమతో చంపాను. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా చుట్టాలందరూ నవ్వేశారు, ఇక మీరే బాకీ.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి నాగలాపురం వైపు పోయే దారిలో ఒక నల్లరేగడి పల్లె. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం. అలాంటి ఊళ్ళో మా పెద్దమ్మ చేపల పెంపకం మొదలుపెట్టింది. పెద్దనాయన పోయినప్పట్నించీ సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. పొలంలో కుంట తవ్వించి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిపించి, బోరు నీళ్ళు నింపి, కట్ల, రోహు పిల్లల్ని వదిలింది. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది విరుదునగర్‌లో ఉన్న ఆమె వియ్యపురాలు, అంటే పెద్దమ్మ కూతురు మా అక్కకు అత్త.

"ఏం సంబందమ్మా, మీ ఊర్లో కాకికే తాగను నీళ్ళు లేవు. చేపలు యాడ ఈదుతాయి, మీ కండ్లలోనా?" అందట.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. "బిడ్డ పుట్టినాక తల్లినీ బిడ్డనీ దిగబెట్టను మా ఇంటికి వస్తావు గదా. ఆ పొద్దు నా కుంట చేపలే నీ ఆకులో పడేది. చూస్తుండు!" అని మాట ఇచ్చేసింది. పెద్దమ్మ మాట ఇచ్చిందంటే రిజిస్టరు ఆఫీసులో ముద్ర పడినట్టే.

అక్క కాన్పుకని ఆమె విరుదునగర్ బయల్దేరుతూ కుంటను నాకు అప్పజెప్పింది. అప్పట్లో నేను డిప్లొమా ముగించి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్న ఘనుణ్ణి. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అనే సామెత నన్ను చూసే పుట్టిందని మా నాయన నమ్మకం.

"రాజూ, బాగా విను," అంది పెద్దమ్మ, బస్సు కోసం నిలబడి. "పొద్దున ఆడోళ్ళని తీసకపోయే శివకాశి ఫ్యాక్టరీ వ్యాను పోయినాక, ఎండ నీళ్ళ మీద బాగా పడినాక ఒక తూరి తీని వెయ్యాల. సాయంత్రం ఎండ ఉండంగానే ఇంకొక తూరి. అంతేదా."

తీని అంటే మేత. పిణ్ణాకు, అదే నూనె తీసిన చెక్క, తవుడు కలిపిన ముద్దలు. ఇక మాట చివరి 'దా' మా యాస, ప్రశ్న కాదు, నొక్కి చెప్పడం.

"రాత్రికి?"

"రాత్రికి టిఫిను పెడతావా వాటికి? ఇంకొకటి. మోడం పట్టి ఎండ మబ్బులో పోయిందంటే ఆ దినం పిడికెడు గూడ వెయ్యొద్దు."

"పావం పెద్దమ్మా! పస్తుండాల్నా?"

"పస్తుంటే ఏమీ కాదు. వేసింది మిగిలితేదా నీళ్ళు చెడేది. నేను చెప్పినట్టు చెయ్యి. నీ తెలివి నీకాడే ఉండనీ."

ఆ చివరి మాట ఒక్కటి విని ఉంటే ఈ కథే లేదు.

మా ఇళ్ళల్లో ఒక అలవాటుంది. వచ్చిన మనిషి చాలు చాలు అని ఆకు మీద అడ్డంగా పడుకున్నా సరే, ఇంకో గరిటె వెయ్యందే వడ్డించినవాళ్ళకు నిద్ర పట్టదు. అలాంటి ఇంట పుట్టి, చేపలకు రెండు పూటలు కొలిచి వేయడమా? పైగా ఈ చేపలు వియ్యపురాలి ఆకులో పడాల్సినవి. రెండు పూటలకే ఇంత పెరిగితే నాలుగు పూటలు పెడితే ఎంత పెరగాలి? మీరే లెక్క వేయండి. నేను వేశాను. నా లెక్కలో ఒక్కో చేప దూడంత అయింది.

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకోబోయేముందు మనసొప్పక ఇంకొకటి. కొన్ని చేపలు నిజంగానే బలిసాయి. నీళ్ళు ముదురు పచ్చగా చిక్కబడి, కాస్త వాసన కూడా మొదలైంది. గొడ్డు బాగా తింటే పేడ వాసన రాదా, ఇదీ అంతే అని సర్దుకున్నాను. పెద్దమ్మ ఫోను చేసినప్పుడల్లా "బ్రమ్మాండంగా ఉండాయి పెద్దమ్మా" అనేవాణ్ణి.

వాళ్ళందరూ బిడ్డను తీసుకుని మర్నాడు మధ్యాహ్నానికి కారులో వస్తారనగా, పడమట మోడం పట్టింది. ఎట్లాంటి మోడమనుకున్నారు! ఎండ మొహమే లేదు. విత్తనం వేసి వానకు కాచుకున్న రేగడి పల్లెలో మోడం పడితే అది పండగ. మా అమ్మ పణియారాల, అదే గుంతపొంగణాల పెనం పొయ్యి మీద పెట్టేసింది. నాయన ఎద్దులకు పత్తిగింజలు ఎక్కువ వేశాడు. వీధి కుక్కకు కూడా పణియారం దక్కింది. మోడం పట్టిన నాడు మన గడప లోపల ఏ కడుపూ ఖాళీగా ఉండకూడదు. ఇది మా తాత నాటి మాట.

మరి చేపలది మన గడప కాదా?

పెద్దమ్మ చెప్పింది గుర్తుంది. గుర్తులేదని అబద్ధమాడను. కానీ ఊరంతా తింటుంటే అవి మాత్రం పస్తుండడం నాకు పాపమనిపించింది. గంపెడు తీని వేశాను. పైన పణియారాలు కూడా చిదిమి చల్లాను.

తెల్లారి కుంట దగ్గరికి పోయేసరికి నా కడుపు నిండిపోయింది. చేపలన్నీ పైకి వచ్చి, వరసగా నోళ్ళు తెరిచి మూస్తూ నా వైపే చూస్తున్నాయి. "ఓ బంగారాల్లారా, ఇంకా ఆకలేనా!" అని ఇంకో గంప గుమ్మరించాను. ఫోను తీసి వీడియో పట్టి పెద్దమ్మకు పంపాను. "మీ కోసమేదా కాచుకోని ఉండాయి" అని కింద వాయిస్ కూడా పెట్టాను.

ఆ వీడియో పెద్దమ్మ చూడలేదు. ముందు వియ్యపురాలికి చూపించింది.

"చూడు సంబందమ్మా, నా చేపలు!" అని ఫోను ఆమె మొహం ముందు పెట్టి, తర్వాత తను చూసిందట. చూసి పెట్టిన కేకకు పురిటిబిడ్డ నిద్రలేచింది. మరుక్షణం ఆమె పెరట్లోకి పరిగెత్తిందట, నా ఫోను మోగింది.

"రేయ్! అది ఆకలి కాదురా, ఊపిరాడలేదురా వాటికి! ఎండ లేకపోతే నీళ్ళల్లో గాలి ఉండదురా! తీని వేసినావా?"

"నిన్న కొంచం..."

"ఈ పొద్దు?"

"ఒక... గంప."

అవతల ఆమె నెత్తి కొట్టుకున్న చప్పుడు వినబడింది. తర్వాత, "మోటారు వెయ్యి. నీళ్ళు పైనించి పడాల. పరిగెత్తు!"

పరిగెత్తాను. త్రీఫేజు కరెంటు లేదు. ఇక చేసేదేముంది, లుంగీ బిగించి కుంటలో దూకి, అన్నం పళ్ళెంతో నీళ్ళను బాదడం మొదలుపెట్టాను. ఎత్తి పోస్తున్నాను, బాదుతున్నాను, ఏడుస్తున్నాను. అంతలో శివకాశి వ్యాను వచ్చి ఆగింది. కిటికీల్లోంచి ఆడవాళ్ళందరూ తలలు బయటపెట్టారు.

"అన్నా, స్నానమా, సామి పూనిందా?" అని తమిళంలో అరిచింది ఒకామె.

"చేపలకు ఊపిరాడలేదక్కా!" అన్నాను.

వ్యాను మొత్తం ఒక్కసారి నవ్వింది. నవ్వరా మరి? చేప నీళ్ళలో మునిగిపోతోందని కేకలు వేస్తే ఎవరు నమ్ముతారు?

కరెంటు వచ్చేసరికి చాలా చేపలు వెల్లకిలా తేలాయి. అందులోనూ పెద్ద చేపకు గాలి ఎక్కువ కావాలట. నేను ముద్దుగా బలిపించినవే ముందు పోయాయి, బక్కవి మిగిలాయి. ఆశ లావు, మొప్ప సన్నం. ఒక్కో దాన్ని ఏరి గట్టున వేస్తుంటే నాకు నిజంగా చచ్చిపోవాలనిపించింది. పెద్దమ్మ ఎండలో నిలబడి పెంచుకున్న చేపలు. ఆమె ఇచ్చిన మాట.

కారు వచ్చింది. పెద్దమ్మ ఇంట్లోకి కూడా పోకుండా కుంట గట్టుకు వచ్చి చూసింది. చచ్చిన చేపను ఒకదాన్ని ఎత్తి, మొప్ప తెరిచి చూసి, మళ్ళీ గట్టున పెట్టింది. తిట్టినా బాగుండేది.

"వీటినే వండేద్దామా?" అంది మా అమ్మ మెల్లగా.

"సచ్చి తేలినవి బాలింతకి పెట్టేదా? ఉండేవాటిని పట్టుదామంటే వలలోనే పానం పోతాది. మునక్కాయ పులుసు పెట్టు," అంది పెద్దమ్మ.

అందరం ఆకుల ముందు కూర్చున్నాం, పెద్దమ్మ వడ్డిస్తోంది. వియ్యపురాలు తన ఆకులో ఉన్న మునక్కాయను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇది ఏం చేప సంబందమ్మా? ముల్లు బలంగా ఉండాది. నేను అప్పుడే చెప్తిని. మెట్టచేనోళ్ళకి చేపల సేద్యం యాడ వస్తాది?"

"నిజమేదా. నాకు తెలియకపాయ. కరెంటును నమ్ముకొని చెడిపోతిని," అంది పెద్దమ్మ వంచిన తల ఎత్తకుండా.

నా తప్పును ఆమె తన నెత్తిన వేసుకుంది. అంతమందిలో, ఆ మనిషి ముందర. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నేనే చంపాను అని చెప్పేద్దామని నోరు తెరిచాను.

గరిటెడు అన్నం వచ్చి నా ఆకులో పడింది.

"అది కాదు పెద్దమ్మా..." అని మళ్ళీ తెరిచాను. ఇంకో గరిటె పడింది. మూడోసారి మాట రాక ఊరికే నోరు తెరిచి మూశాను. ఈసారి అన్నపు గిన్నె మొత్తం నా ఆకు మీద బోర్లించింది.

"చాలు పెద్దమ్మా! ఎందుకిట్లా వేస్తుండావు?"

"ఊరక నోరు తెరిచి తెరిచి మూస్తుండావు గదప్పా," అంది పెద్దమ్మ చల్లగా. "ఆకలేమో అనుకుంటిని."

వియ్యపురాలు పొద్దున వీడియో చూసిన మనిషే కదా, ఒక్క క్షణం ఆగి, నా మొహం చూసి, విషయమంతా అర్థమై, పొలమారేదాకా నవ్వింది. ఆ అన్నమంతా తలవంచుకుని తిన్నాను, ఒక్క మెతుకు వదలకుండా.

కాబట్టి మహాజనులారా, మా నల్లరేగడి సాక్షిగా, ముదిరిన మునక్కాయ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట నా ఎదుట చేప గానీ, చుట్టం గానీ, చివరికి దేవుడే దిగివచ్చి గానీ నోరు తెరిస్తే, ముందు "ఊపిరాడుతోందా స్వామీ?" అని అడుగుతాను. గంప సంగతి ఆ తర్వాతే.