అప్పలస్వామి గారి ప్రయాణపు ఇంగ్లీషు

మొన్న అటక మీది సూట్‌కేసు దించి మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం విశాఖ పాతపట్నంలో, ఒక ఫొటో స్టూడియో మేడ మీదున్న ఇరుకు గది గుర్తొచ్చింది. ఆ గదిలో బల్ల మీద ఎప్పుడూ ఇదే వాసన వేసే పాత పెట్టె ఒకటి తెరిచి ఉండేది. అప్పలస్వామి గారికి పాఠ్యపుస్తకం అదే.

ఆయన భీమిలి జాలరి కుటుంబంలో పుట్టి, పాతికేళ్లు ఓడల్లో వంటవాడిగా తిరిగి, మోకాళ్లు మొరాయించాక ఒడ్డు చేరిన మనిషి. పరాయి దేశాలకు పనికి వెళ్లేవాళ్లకి దారిలో కావలసిన ఇంగ్లీషు మాత్రమే నేర్పేవారు. పాస్‌పోర్టు, బోర్డింగు, ట్రాన్సిట్, లగేజి, డిక్లేర్. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవారు కాదు. నేను ఇంగ్లీషు ఎమ్మే పూర్తి చేసి, కాలేజీ ఉద్యోగం దొరక్క ఆయన దగ్గర చేరాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. సముద్రమంటే మాకు ఆదివారం సాయంత్రం మొక్కజొన్న పొత్తు తినే చోటు, అంతే.

చేరిన రోజే పోట్లాడాను. ఆయన క్లాసులో ఎవరూ కూర్చోకూడదు. సంచులు భుజాన వేసుకుని వరసలో నిలబడాలి. బల్ల వెనక మేం ఆఫీసర్లం.

"కూర్చుని రాసుకుంటే గుర్తుంటుంది కదా మాస్టారూ" అన్నాను.

"ఏర్‌పోర్టులో కుర్సీ ఏసి అడుగుతారేటమ్మా? సంచి మోత్తా, ఎనకోడు తోసేత్తంటే మాట రావాల."

"గ్రామరు లేకపోతే నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వినోడు స్టాంపు గట్టిగానే ఏత్తాడు."

మర్నాటికి మూడు జవాబులు తయారుచేసుకుని వెళ్లాను. ఆయన మూడూ విని టీ తెప్పించారు.

అప్పుడే నూకరాజు వచ్చాడు. జాలరిపేట మనిషి, నలభై దాటినవాడు. పడవ విరిగిపోయింది. మస్కట్‌లో చేపల పడవ మీద రెండేళ్ల పని ఉందని తెలిసి, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. శనివారం బొంబాయి నుంచి ఏజెంటు వస్తాడు. మేం జాబితాలో రాసిన పేర్లనే పిలిచి, ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు అడిగి ఎంచుకుంటాడు. పరీక్షించి జాబితా రాసే పని నాది.

పెట్టెలోని వస్తువు ఏది చూపించినా నూకరాజు దాని పేరు ఠక్కున చెప్పేవాడు. కానీ బల్ల వెనక నిలబడి "వేర్ ఆర్ యూ గోయింగ్?" అని నేను అడిగేసరికి సంచి కింద పెట్టి నేల చూసేవాడు. మూడు రోజులు ఇదే వరస.

"మస్కట్ అనడానికి నోరు తిరగదా?"

"తిరుగుద్ది మేడమ్."

"మరి చెప్పవేం?"

సంచి ఎత్తుకుని వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. అతని పేరు పక్కన 'పనికిరాడు' అని రాసి కాగితం మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపు పొద్దున్న ఆరింటికి జాలరిపేట ఒడ్డుకి రా. నీకో క్లాసుంది."

వెళ్లాను. మాస్టారు ఇంకా టీ కొట్టు దగ్గరే ఉన్నారు. వల భుజాన వేసుకుని ఒకాయన ఎదురొస్తున్నాడు. పలకరింపుగా ఉంటుందని "ఎక్కడికండీ వెళ్తున్నారు?" అన్నాను. అతను ఆగి, వల ఇసకలో దించి, అక్కడే చతికిలబడ్డాడు. వెనకే వస్తున్న భార్య నా మీదికి వచ్చింది.

"ఎక్కడికేటి, ఎక్కడికి? సదూకున్నదానివి, గంగమ్మ మీదికి ఎల్తన్న మనిసిని ఎదురొచ్చి అడుగుతావేటి? మీ ఇళ్లల్లో అడుగుతారేటి అలాగ?"

మా ఇళ్లల్లోనూ అడగరు. నాన్న డ్యూటీకి బయల్దేరుతుంటే గడపలో నోరు జారినందుకు అమ్మ చేత మొట్టికాయలు తిన్నదాన్ని నేను. ఇంగ్లీషులో అడిగితే అదే ప్రశ్న అవుతుందని మాత్రం నాకు తట్టలేదు. ఆవిడ తెచ్చిన నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, అతను మళ్లీ లేచాడు. అందాకా పడవ దగ్గర నలుగురు మనుషులు నన్నే చూస్తూ నిలబడ్డారు.

"నూకరాజు అన్నని ఇలాగే ఎవడో అడిగితే నవ్వుతా సెప్పి ఎళ్లాడు. మరి రాలేదు" అన్నారు మాస్టారు నా పక్కకొచ్చి. "అడిగినందుకే పోయాడని నాను అనను. ఆడు అనుకుంటాడు."

తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. "ఆఫీసరు అడక్క మానడు కదా" అన్నాను.

"అడుగుతాడు. ముందు ఏటి సెప్పాలో మనం నేర్పాల."

ఆ రోజు క్లాసులో బల్ల వెనక ఆయనే నిలబడ్డారు. "నూకరాజూ, వెన్ రిటర్న్?"

నూకరాజు తలెత్తాడు. "ఆఫ్టర్ టూ ఇయర్స్, సర్."

"వేర్ గోయింగ్?"

"మస్కట్, సర్."

అడ్డు తొలగినట్టు వచ్చేసింది మాట. కొత్త కాగితం తీసుకుని అతని పేరు మొదట రాశాను.

శనివారం ఏజెంటు అడిగిన మొదటి ప్రశ్న "వేర్ ఆర్ యూ గోయింగ్?" అనే. నూకరాజు సంచి దించలేదు. "రిటర్న్ ఆఫ్టర్ టూ ఇయర్స్, సర్. గోయింగ్ మస్కట్." నేను అడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి అన్నట్టు ఏజెంటు ముఖం చిట్లించి నా వైపు చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. అతను పేరు పక్కన టిక్కు పెట్టాడు. నూకరాజు వెళ్లాడు. రెండేళ్ల మీద రెండు నెలలకి తిరిగొచ్చాడు.

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. పుస్తకంలో ప్రయాణాల పాఠం ఇంటి గుమ్మం దగ్గర మొదలై విమానం దిగడంతో ముగుస్తుంది. వరస తప్పుతున్నానని కొత్తగా చేరిన లెక్చరర్లు ఏటా అంటారు. ఏటా వాళ్లతో వాదిస్తాను. నా క్లాసులో మాత్రం ప్రతి పిల్లా ముందు తిరిగొచ్చే తేదీ చెప్పాలి. ఎక్కడికని ఆ తర్వాతే అడుగుతాను.