పాల చిట్టీల పేజీ

మొన్న ఆఫీసుల కొత్తగ చేరినామె రాసిన ప్రోగ్రాం చూసుకుంట ఒక్కకాడ ఆగిపోయిన. లూపు తిరిగినప్పుడల్లా పాత వాక్యం తోకకు కొత్త ముక్క అతికిస్తున్నది. "ఏమైంది మేడం?" అన్నది. నా కండ్లముందట ఇబ్రహీంపట్నంల మా చిన్నమ్మ వాకిలి, ఎండల నిలవెట్టిన పాలక్యాన్లు.

ఆ దిక్కు ఊర్ల పాలన్నీ చిన్నమ్మ ఇంటికాడికే వచ్చేటియి. ఎవలయి ఎన్ని పాలో చిట్టీలు చేత్తోని రాసుడు బంద్ జెయ్యాలని చిన్నమ్మ బిడ్డ, మా అక్క, ఒక వెబ్ పేజీ తయారుజేసింది. అక్క తెలివిగల్లదే గని తొందర జాస్తి. మా గల్లీ పేర్లు నాలుగేసి చూసి, "మస్తు నడుస్తున్నది పో!" అని మురిసింది. అన్ని ఊర్లోళ్ల పేర్లు ఎక్కిచ్చి నడిపిన మొదటి పొద్దున తెర తెల్లగ అట్లనే నిలవడ్డది. పాల బండొచ్చి నిలుసున్నది. చిట్టీ లేంది క్యాన్ ఎక్కియ్యనని డ్రైవర్ మొండికేసిండు. ఎండకాలం, పాలు పలిగితే అందరి కష్టం బూడిదల పోసిన పన్నీరే.

"ఏం పిల్లా, మా పాలతోని ఆటలా?" అని ఒక పెద్దమనిషి మీదికొచ్చిండు. అక్క తల తిప్పకుంట ప్రోగ్రాం మల్ల మొదటికెళ్లి చదువుతున్నది. నాకైతే ఏడుపే తక్కువ. చిట్టీలు రాంగనే ముందుగాల నీ క్యానే ఎక్కియ్యి చిన్నమ్మా అని నేనన్న. "వాకిట్లకొచ్చినోళ్లు ముందు, ఇంటోళ్లు ఆఖరు. అన్నం కాడైనా గంతే, పాల కాడైనా గంతే" అని కొట్టిపారేసింది.

ఉన్నట్టుండి అక్క, "అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉన్నది! ఒక్కో పేరు అతికిచ్చినప్పుడల్లా ఇది ముందటిదంత మల్ల మొదటికెళ్లి రాస్తున్నదే!" అన్నది. ఒక్కో ఇంటి పాలు రాంగనే ఉన్నయన్నీ ఇంకో క్యాన్లకు వంపుకున్నట్టు. పేర్లు ఎక్కువైనకొద్దీ ఆ పాత కంప్యూటర్‌కు ఊపిరాడలే. ముక్కలన్నీ విడివిడిగ ఒక వరుసల పెట్టి, ఆఖర్న ఒక్కసారే కలిపెటట్టు మార్చింది. పేజీ టక్కున వచ్చింది. చిట్టీలు అచ్చయినయ్, క్యాన్లు ఎక్కినయ్.

ఆఖర్న చిన్నమ్మ క్యాన్ మూత తీసి డ్రైవర్ వాసన చూసి తల అడ్డంగ ఊపిండు. అక్క మొఖం నల్లగయింది. "ఊకో బిడ్డా, ఊరోళ్లయి దక్కినయ్ గద" అన్నది చిన్నమ్మ. లోపటికి పోయి పొయ్యికాడ కొంగుతోని కండ్లు తుడుసుకునుడు నేను చూసిన. అక్కకు ఇప్పటికీ చెప్పలే.

రెప్పపాటు మిగిలిచ్చుడు కోసం ప్రోగ్రాంలు రాసెటోళ్లం మేం ఏండ్లకేండ్లు తలకాయలు పట్టుకుంటం, గని చిన్నమ్మ క్యాన్ ఎండల నిలవడ్డ ఆ జరసేపును మాత్రం ఎవ్వలం వాపసు తెచ్చియ్యలేం.